మెయిల్‌లో పిలిచి పేపర్ వేసే నర్సింగ్ జర్నల్స్: కట్టిన డబ్బుకు ఏం ఇస్తున్నాయి?

కాన్ఫరెన్స్‌లో ఒక పోస్టర్ పెట్టినా, ఎక్కడైనా ఒక పేపర్ అచ్చయినా చాలు, నర్సింగ్ ట్యూటర్ల ఇన్‌బాక్స్‌లోకి ఒక రకం మెయిళ్ళు రావడం మొదలవుతుంది. తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో ఎమ్మెస్సీ పూర్తిచేసి ఇప్పుడిప్పుడే ఉద్యోగంలో చేరినవాళ్ళకు ఇవి మరీ ఎక్కువ. ఈ రివ్యూ ఏ ఒక్క జర్నల్ మీదా కాదు. మెయిల్ పంపి, పేపర్ అడిగి, డబ్బు తీసుకుని, వారంలో ప్రచురించి సర్టిఫికెట్ చేతిలో పెట్టే ఆ సర్వీసు మొత్తం మీద. మా తీర్పు ముందే చెప్పేస్తున్నాం: ఆ డబ్బు పెట్టకండి. పోయేది నాలుగైదు వేలే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. పేపర్‌తో పాటు మీరు సేకరించిన డేటా పోతుంది. ఒకసారి ఎక్కడో అచ్చయిన డేటాను ఏ మంచి జర్నలూ మళ్ళీ తీసుకోదు.

మొదట మెయిల్ సంగతి. 'గ్రీటింగ్స్ ఆఫ్ ది డే' అని మొదలవుతుంది. పీహెచ్‌డీ లేకపోయినా 'డియర్ డాక్టర్' అంటారు, లేదంటే 'ఎమినెంట్ రీసెర్చర్' అంటారు. తర్వాతి వాక్యంలో మీ పాత పేపర్ పేరు మొత్తం ఉంటుంది. సాధారణంగా అది 'ఎ స్టడీ టు అసెస్ ద ఎఫెక్టివ్‌నెస్ ఆఫ్ స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్' అని మొదలై నాలుగు లైన్లు సాగే థీసిస్ పేరే. ఆ నాలుగు లైన్లు ఒక ఫాంట్‌లో, మిగతా మెయిల్ ఇంకో ఫాంట్‌లో ఉంటే ఎవరూ చదివి రాయలేదనే అర్థం. పేరు, టైటిల్, మెయిల్ ఐడీ మూడూ ఒక పట్టిక నుంచి తీసి ముందే రాసి పెట్టుకున్న ఉత్తరంలో నింపారు. మెయిల్ ఐడీ వాళ్ళకు ఎలా దొరికిందంటే, అచ్చయిన ప్రతి పేపర్ మొదటి పేజీ అడుగున కరస్పాండింగ్ ఆథర్ అడ్రస్ ఉంటుంది. ప్రోగ్రాములు దాన్ని ఏరుకుపోతాయి.

ఆ తర్వాత తొందర మొదలవుతుంది. రాబోయే సంచికకు ఒక్క ఆర్టికల్ తక్కువైంది, ఈ నెలాఖరులోగా పంపండి, రెండు పేజీల ఒపీనియన్ అయినా పర్లేదు, కేస్ రిపోర్ట్ అయినా సరే అంటారు. జవాబు రాకపోతే నాలుగో రోజు 'మా మునుపటి మెయిల్ అందిందా' అని ఇంకొకటి వస్తుంది. సంచికకు ఒక్క పేపర్ తక్కువైందని పేరూ ఊరూ తెలియని ట్యూటర్‌ని బతిమాలే మంచి జర్నల్ లేదు. వాళ్ళ దగ్గర పేపర్లు వరసలో ఉంటాయి.

ఇలా ఎవరికి పడితే వాళ్ళకు వెంటపడి రాయడాన్ని పరిశోధకులు ప్రిడేటరీ జర్నల్ (రచయితల డబ్బు కోసమే నడిచే మోసపు జర్నల్) లక్షణాల్లో ఒకటిగానే లెక్కవేశారు. 2019లో 10 దేశాల నుంచి 43 మంది ఒట్టావాలో కూర్చుని నిర్వచనం రాస్తే, అదే ఏడాది డిసెంబరులో నేచర్ పత్రికలో వచ్చింది. విద్య కన్నా సొంత లాభానికి పెద్దపీట వేయడం, తప్పుడు సమాచారం ఇవ్వడం, సంపాదకీయ పద్ధతులు పాటించకపోవడం, పారదర్శకత లేకపోవడం, వీటితో పాటు విచక్షణ లేకుండా మెయిళ్ళు పంపి ఒత్తిడి చేయడం. నర్సింగ్‌లో ఇది ఎంతవరకు పాకిందో 2016లో అమెరికా పరిశోధకులు లెక్క తీశారు. 75 పబ్లిషర్ల కింద 140 ప్రిడేటరీ నర్సింగ్ జర్నల్స్ తేలాయి.

ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. డబ్బు అడిగిన ప్రతి జర్నలూ మోసం కాదు. ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగల) జర్నల్స్‌లో చాలా మంచివి ఆర్టికల్ ప్రాసెసింగ్ చార్జీ తీసుకుంటాయి. ఎంతో ముందే వెబ్‌సైట్‌లో రాస్తాయి, పేపర్ తిప్పి పంపితే పైసా అడగవు. పేరున్న పబ్లిషర్లు కూడా స్పెషల్ ఇష్యూ కోసం ఆహ్వానాలు పంపడం ఉంది. కాబట్టి చూడాల్సింది డబ్బు తీసుకున్నారా లేదా అని కాదు, తీసుకున్న డబ్బుకు రివ్యూ, అంటే ఆ విషయం తెలిసినవాళ్ళు పేపర్ చదివి తప్పులు పట్టే పని, జరిగిందా అని.

ఆ పని ఈ సర్వీసులో జరగదు. మామూలు ఎమ్మెస్సీ స్టడీని ఒకదాన్ని తీసుకుందాం: 60 మంది శాంపిల్, ఒకే గ్రూపు, 30 ప్రశ్నల నాలెడ్జ్ క్వశ్చనీర్, ప్రీటెస్ట్ పెట్టి అదే రోజు టీచింగ్, ఏడో రోజు అవే ప్రశ్నలతో పోస్ట్‌టెస్ట్, పెయిర్డ్ టి-టెస్ట్, పీ విలువ 0.001 కన్నా తక్కువ. నిజమైన రివ్యూయర్ మొదట అడిగేది కంట్రోల్ గ్రూపు ఏదని. వారం తిరక్కుండా అవే ప్రశ్నలు మళ్ళీ ఇస్తే పాఠం చెప్పకపోయినా మార్కులు కొంత పెరుగుతాయి. పెరిగిందాంట్లో టీచింగ్ వల్ల ఎంత, ప్రశ్నలు గుర్తుండటం వల్ల ఎంత అన్నది ఒకే గ్రూపుతో విడదీయలేం. తర్వాత 60 అనే సంఖ్య ఎక్కడిదని, పవర్ లెక్క (తేడా ఉంటే తెలియడానికి ఎంతమంది కావాలన్న లెక్క) వేశారా అని అడుగుతారు. టూల్ రిలయబిలిటీ ఎంత, ఏ పద్ధతిలో చూశారు, పైలట్ స్టడీలో ఉన్నవాళ్ళు మెయిన్ స్టడీలో కలిశారా అంటారు. డెమోగ్రాఫిక్ పట్టికలో చై-స్క్వేర్ వేసిన చోట ఊహించిన సంఖ్య అయిదు కన్నా తక్కువున్న గడులు కనిపిస్తే ఫిషర్ ఎగ్జాక్ట్ వేసి మళ్ళీ పంపమంటారు. ఎథిక్స్ కమిటీ అనుమతి నంబరు, తేదీ అడుగుతారు. ఇవన్నీ సరిచేయడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడతాయి. విసుగొస్తుంది గానీ పేపర్ బాగుపడేది అక్కడే.

మెయిల్ జర్నల్స్ నుంచి వచ్చే రివ్యూ రిపోర్ట్ ఒక పేజీ ఫారం. ఒరిజినాలిటీ గుడ్, మెథడాలజీ గుడ్, లాంగ్వేజ్ మైనర్ కరెక్షన్స్ అని టిక్కులు ఉంటాయి. కింద ఒక వాక్యం, 'ద టాపిక్ ఈజ్ రెలవెంట్' అని. మీ పట్టికల గురించి, శాంపిల్ గురించి, టూల్ గురించి ఒక్క అక్షరం ఉండదు. ఆ ఫారంలో ఏ పేపర్ పేరు పెట్టినా సరిపోతుంది. 2013లో సైన్స్ పత్రిక తరఫున ఒక జర్నలిస్టు కావాలనే తప్పులు పెట్టి రాసిన నకిలీ పేపర్‌ను 304 ఓపెన్ యాక్సెస్ జర్నల్స్‌కు పంపితే 157 అంగీకరించాయి. ఏ మంచి రివ్యూయరైనా చదివిన వెంటనే పట్టుకోగల తప్పులవి.

అంగీకార పత్రం రెండు మూడు రోజుల్లో వస్తుంది, బిల్లు దాని వెనకే వస్తుంది. అసలు చార్జీ ఒకటి, డీఓఐ (ఆన్‌లైన్‌లో పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) కావాలంటే ఇంకొకటి, ప్రతి సహరచయితకు సర్టిఫికెట్‌కు విడిగా, అచ్చు ప్రతి కావాలంటే కొరియర్‌తో సహా మళ్ళీ కొంత. మొదటి మెయిల్‌లో ఇవేవీ ఉండవు. చెల్లింపు సంస్థ పేరున్న ఖాతాకు కాకుండా ఒక వ్యక్తి యూపీఐ ఐడీకో క్యూఆర్ కోడ్‌కో అడిగితే అక్కడితో ఆగిపోండి. జీఎస్టీ నంబరుతో ఇన్‌వాయిస్ ఇవ్వమని అడిగి చూడండి, వచ్చే జవాబును బట్టే చాలా తెలుస్తుంది.

చార్జీలు దాచడం, జరగని రివ్యూ జరిగిందని చెప్పడం చట్టం దృష్టిలోనూ మోసమేనని ఒక పెద్ద కేసులో తేలింది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ గ్రూప్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016 ఆగస్టులో కేసు వేసింది. పేపర్ తీసుకున్నాక గానీ ఫీజు చెప్పరని, వెనక్కి తీసుకుంటామన్నా ఒప్పుకోరని, రివ్యూ గురించి తప్పుడు మాటలు చెప్పారని ఆరోపణలు. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు ఆ సంస్థ 5.01 కోట్ల డాలర్లు కట్టాలని తీర్పిచ్చింది.

ఇక మెయిల్ అడుగున ఉండే లోగోల వరస. చాలామంది మోసపోయేది ఇక్కడే కాబట్టి ఒక్కొక్కటీ చూద్దాం. ఐఎస్ఎస్ఎన్ అంటే ఎనిమిది అంకెల గుర్తింపు సంఖ్య, అంతే. మన దేశంలో ఢిల్లీలోని జాతీయ కేంద్రం ఇస్తుంది. పత్రిక ఉందని చెబుతుందే గానీ, బాగుందని చెప్పదు. గూగుల్ స్కాలర్ వెబ్‌లో దొరికినదాన్నల్లా కంప్యూటరుతో ఏరుతుంది, అక్కడ కనిపించడం అర్హత కాదు. రీసెర్చ్‌గేట్, అకాడెమియా రచయితలే ఫైళ్ళు పెట్టుకునే చోట్లు. డీఓఐ ఉందంటే లింకు పనిచేస్తుందని అర్థం. కొన్ని జర్నల్స్ ఇచ్చే డీఓఐ అదీ కాదు, డీఓఐ సైట్‌లో టైప్ చేస్తే ఏమీ తెరుచుకోదు.

వైద్య పేపర్లు వెతుక్కునే అమెరికా ప్రభుత్వ సైటు పబ్‌మెడ్ విషయంలో జాగ్రత్త మరీ అవసరం. అమెరికా నిధులతో జరిగిన పరిశోధనల ప్రతులను రచయితలే పబ్‌మెడ్ సెంట్రల్‌లో పెట్టాలనే నియమం ఉంది. అలా ఒకటి రెండు పేపర్లు ఏ జర్నల్ నుంచైనా పబ్‌మెడ్‌లో కనిపిస్తాయి. వాటిని చూపించి 'పబ్‌మెడ్ ఇండెక్స్‌డ్' అని రాసుకుంటారు. నిజం తెలియాలంటే ఎన్ఎల్ఎమ్ (అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం) కాటలాగ్‌లో జర్నల్ పేరు వెతికి, మెడ్‌లైన్ (అక్కడ ఎంపిక చేసిన జర్నల్స్ సూచిక) ఇండెక్సింగ్ వివరం చదవాలి. ఉచితమే, రెండు నిమిషాల పని.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ పేపర్లను సగటున ఎన్నిసార్లు ఉదహరించారన్న లెక్క) అని చెప్పుకునే సంఖ్య క్లారివేట్ సంస్థ ఇచ్చేదే అయి ఉండాలి. 2023 నుంచి వాళ్ళు దశాంశం తర్వాత ఒకే అంకె ఇస్తున్నారు. కొత్త మెయిల్‌లో 6.237 అని మూడు అంకెలు కనిపిస్తే, దాని ముందు 'గ్లోబల్', 'సైంటిఫిక్' లాంటి మాటలు కూడా ఉంటే, అది ఇంకెవరో డబ్బు తీసుకుని ఇచ్చిన సంఖ్య కావచ్చు. ఏ సంస్థ, ఏ సంవత్సరం అని తిరిగి అడగండి.

'యూజీసీ అప్రూవ్డ్' అన్న మాటకు మన జిల్లాల కాలేజీల్లో ఇప్పటికీ విలువ ఉంది కాబట్టి కొంచెం చరిత్ర. యూజీసీ ఆమోదిత జాబితా నుంచి 2018 మేలో ఒక్కసారే 4,305 జర్నల్స్‌ను తీసేశారు. ఆ ఏడాదే కేర్ అనే కొత్త ఏర్పాటు ప్రకటించి, 2019లో జాబితా తెచ్చారు. 2025 ఫిబ్రవరిలో ఆ కేర్ జాబితానూ ఆపేశారు. జర్నల్ మంచిచెడ్డలు చూసుకోవడానికి సూచనలిచ్చి, నిర్ణయం విద్యాసంస్థలకే వదిలారు. అంటే ఈ రోజు 'యూజీసీ కేర్ లిస్టెడ్' అని వచ్చే మెయిల్ నడవని జాబితాను చూపిస్తోంది. పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళకు ఇంకో సంగతి: థీసిస్ ఇవ్వడానికి ముందు పేపర్ తప్పనిసరి అన్న నియమాన్ని యూజీసీ 2022 నిబంధనల్లో తొలగించింది. విశ్వవిద్యాలయాలు సొంతంగా అడగవచ్చు. అందుకే ఎవరో చెప్పారని పరుగెత్తకుండా మీ రీసెర్చ్ సెల్‌లో రాతపూర్వక నియమం చూపించమనండి. తొందర సగం అక్కడే తగ్గుతుంది, ఈ సర్వీసు బతికేది ఆ తొందర మీదే.

పేపర్ పంపే ముందు పావుగంట పని చెబుతాం. జర్నల్ సైట్‌లో తాజా సంచిక తెరిచి మూడు పేపర్లు చదవండి, అబ్‌స్ట్రాక్ట్ కాదు, మొత్తం. 'రిసీవ్డ్' తేదీకి 'యాక్సెప్టెడ్' తేదీకి మధ్య రెండు రోజులే ఉంటే అంతటితో మూసేయండి. టైటిల్‌లోనే అక్షర దోషం ఉన్నా అంతే. ఎడిటోరియల్ బోర్డులో ఇద్దరి పేర్లు తీసుకుని వాళ్ళ కాలేజీ పేజీకి వెళ్ళి, అక్కడున్న మెయిల్‌కు ఒక లైన్ రాసి అడగండి. తమ పేరు వాడుకున్నారని తెలియని ప్రొఫెసర్లు ఉంటారు. డీఓఏజేలో (ఓపెన్ యాక్సెస్ జర్నల్స్ డైరెక్టరీ) జర్నల్ పేరు వెతకండి. స్కోపస్ (పేపర్లను సూచీలో చేర్చే పెద్ద డేటాబేస్) అని చెప్పుకుంటే స్కోపస్ సోర్సెస్ పేజీలో, లాగిన్ లేకుండానే, ఏ సంవత్సరం వరకు కవరేజ్ ఉందో చూడండి. 2021తో ఆగిపోయిందంటే ఇప్పుడు అందులో లేదన్నట్టే. మంచి జర్నల్ పేరుతోనే నకిలీ సైటు పెట్టేవాళ్ళూ ఉన్నారు. మెయిల్‌లో లింకు నొక్కకుండా డీఓఏజే పేజీలోనో స్కోపస్ పేజీలోనో ఉన్న లింకు నుంచే సైటుకు వెళ్ళండి. అలా హైజాక్ అయిన జర్నల్స్ జాబితాను రిట్రాక్షన్ వాచ్ 2022 నుంచి నడుపుతోంది. నర్సింగ్‌కు ప్రత్యేకంగా అంతర్జాతీయ నర్సింగ్ ఎడిటర్ల సంఘం ఐనేన్ పరిశీలించి పెట్టిన నర్సింగ్ జర్నల్స్ డైరెక్టరీ ఉచితంగా దొరుకుతుంది. మాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది అదే.

జీమెయిల్‌లో ఇంకో చిన్న పరీక్ష ఉంది. మెయిల్ కుడివైపు మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' తెరిస్తే పంపిన డొమైన్, జవాబు వెళ్ళే అడ్రస్ కనిపిస్తాయి. పైన జర్నల్ పేరుండి, జవాబు ఉచిత మెయిల్ ఖాతాకు వెళ్తుంటే వదిలేయండి. 'అన్‌సబ్‌స్క్రైబ్' నొక్కినా, వద్దని జవాబు రాసినా మీ అడ్రస్ వాడుకలో ఉందని వాళ్ళకు తెలుస్తుంది. స్పామ్‌గా రిపోర్ట్ చేయడమే మేలు. ఎడిటోరియల్ బోర్డులో చేరండి, విదేశీ కాన్ఫరెన్స్‌లో స్పీకర్‌గా రండి అనే మెయిళ్ళు కూడా చాలావరకు ఇదే దుకాణం ఇంకో గది నుంచి వస్తాయి. స్పీకర్ అని పిలిచి రిజిస్ట్రేషన్ ఫీజు మీనుంచే అడుగుతారు.

మరి ఎక్కడికి పంపాలి? తిరుపతిలోనే స్విమ్స్ సొంత పత్రిక జర్నల్ ఆఫ్ క్లినికల్ అండ్ సైంటిఫిక్ రీసెర్చ్ 2012 నుంచి వస్తోంది. చిత్తూరు నుంచి గంట దూరంలో వెల్లూరు సీఎంసీ నర్సింగ్ కాలేజీ తెచ్చే ఇండియన్ జర్నల్ ఆఫ్ కంటిన్యూయింగ్ నర్సింగ్ ఎడ్యుకేషన్ ఉంది. ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ పత్రిక నర్సింగ్ జర్నల్ ఆఫ్ ఇండియా 1910 నుంచి నడుస్తోంది. ముందు వాటి స్కోప్, పదాల పరిమితి, చార్జీల పేజీ చదవండి. 80 పేజీల థీసిస్‌ను అలాగే పంపితే ఎక్కడైనా తిరిగొస్తుంది. మూడు వేల పదాలకు కుదించి, కాన్సెప్చువల్ ఫ్రేమ్‌వర్క్ బొమ్మ తీసేసి, పట్టికలు మూడు నాలుగుకు తగ్గించి పంపండి. ఒకచోట తిరిగొస్తే వాళ్ళిచ్చిన కామెంట్లు సరిచేసి ఇంకోచోట పంపవచ్చు, డేటా మీ చేతిలోనే ఉంటుంది. ఒకేసారి రెండు చోట్ల మాత్రం వేయకండి.

నర్సింగ్‌లో ఈ డేటా అంత తేలిగ్గా రాదు. ఓపీలో గంటల తరబడి వరసలో నిలబడ్డ గర్భిణి, డయాలిసిస్ కుర్చీలో కూర్చున్న మనిషి సంతకం పెట్టి మన ప్రశ్నలకు జవాబిచ్చారు. వాళ్ళ జవాబులు సినాల్ అనే నర్సింగ్ డేటాబేస్‌లోనో మెడ్‌లైన్‌లోనో చేరితే రేపు ఎవరైనా సిస్టమాటిక్ రివ్యూ (ఒక విషయం మీద వచ్చిన స్టడీలన్నీ ఏరి కలిపి చూడటం) చేసేటప్పుడు లెక్కలోకి వస్తాయి. మెయిల్ జర్నల్‌లో పడితే అలా వెతికేవాళ్ళకు దొరకవు. చాలావాటికి పోర్టికో, లాక్స్ లాంటి భద్రపరిచే ఏర్పాటు ఉండదు. డొమైన్ కట్టడం మానేసిన రోజు సైటుతో పాటు మీ పేపరూ మాయమవుతుంది.

ఇప్పటికే పంపేసి ఉంటే తొందరగా కదలాలి. కాపీరైట్ ఫారం మీద సంతకం పెట్టకండి, డబ్బు కట్టకండి. సహరచయితలందరినీ, గైడ్‌నూ కాపీలో పెట్టి, పేపర్ పేరు, పంపిన తేదీ రాసి, 'ఈ పేపర్‌ను వెనక్కి తీసుకుంటున్నాం, ప్రచురణకు మా అనుమతి లేదు' అని మెయిల్ పంపండి. వెనక్కి తీసుకోవడానికి ఫీజు అడుగుతారు, కొన్నిసార్లు కాలేజీకి రాస్తామని బెదిరిస్తారు. కట్టినా పేపర్ సైటులోంచి తీస్తారన్న హామీ లేదు కాబట్టి కట్టకండి. మీరు పంపిన ప్రతి మెయిల్ పీడీఎఫ్‌గా, సైట్ పేజీలు తేదీ కనిపించే స్క్రీన్‌షాట్లుగా దాచుకోండి. అనుమతి లేకుండా వేసేస్తే, తర్వాత పంపబోయే మంచి జర్నల్ ఎడిటర్‌కు కవర్ లెటర్‌లోనే జరిగింది మొత్తం చెప్పి ఆ ప్రతులు జతచేయండి. దాచి పంపితే ప్లేజరిజం సాఫ్ట్‌వేర్ మీ పేపర్‌ను మీ పేపర్‌తోనే పట్టిస్తుంది, అప్పుడు డూప్లికేట్ పబ్లికేషన్ కింద మీ మీదే మచ్చ పడుతుంది. చెప్పి పంపినా తీసుకోవాలా వద్దా అన్నది ఎడిటర్ ఇష్టం, కానీ ఉన్న దారి అదొక్కటే.

డబ్బు కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో డిస్ప్యూట్ వేయండి. యూపీఐలో వెళ్ళిపోయి, అవతలివాళ్ళు జవాబివ్వడం మానేస్తే 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. లావాదేవీ నంబరు, తేదీ, మొత్తం దగ్గర పెట్టుకునే ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ ఖాతాలో డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.